దాచిన పాయింట్లు – వెదకెడి కన్ను

ప్రతి సంవత్సరము తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లాలోని మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు చేలలో జనులు తలవంచి మెల్లగా నడచుచుందురు. వాన కడిగి బయటపెట్టిన రాళ్లలో వజ్రము దొరకవచ్చునని వారి ఆశ. ఇట్టి వెదకులాటయే నేడు ఇండ్లలో, వీడియో ఆటల తెరపైనను సాగుచున్నది. విశాలమైన నేల, అందెక్కడనో దాగిన చిన్న వస్తువు, దానికై తిరుగు మనిషి – రెండింటి స్వరూపము ఒకటే. ఈ వెదకుటవలన వెదకువానికి ఏ నేర్పు అబ్బును? ఇట్టి ఆటల మంచిచెడ్డలు నిర్ణయించుటకు ఇదియే తగిన ప్రశ్న.

ఓపెన్ వరల్డ్ ఆటలనగా, ఆడువాడు ఒకే దారిన పోనక్కరలేక, కొండలు, నదులు, నగరములు గల కల్పిత దేశమున ఇచ్చవచ్చినట్లు తిరుగగల ఆటలు. వీనిలో నిర్మాతలు మూలమూలల చిన్న వస్తువులను దాచియుంతురు. వానిని కూడబెట్టినకొలది ఆటలోని వీరుడు మరింత ఎత్తునకు ఎగురును, ఎక్కువ దెబ్బలకు ఓర్చును, లేదా ఎక్కువ సామగ్రి మోయును. అందుచేత వీనిని స్కిల్ పాయింట్లు, అనగా నైపుణ్యపు పాయింట్లు అందురు. కాని ఆ నైపుణ్యము తెరపైని వీరునిది, ఆడువానిది కాదు. ఆడువానికిని కొంత నేర్పు అబ్బునట్లు దాచుటలోనే నిర్మాత ప్రతిభ యున్నది.

ఒకే ఆటలో రెండు తీరులు

స్కాట్లండులోని డండీ నగరపు రియల్‌టైమ్ వరల్డ్స్ సంస్థ నిర్మించగా 2007లో వెలువడిన ‘క్రాక్‌డౌన్’ ఇందుకు మంచి ఉదాహరణము. ఇందులో 500 ఆకుపచ్చని గోళములు మేడలపై వెలుగుచుండును. ఒక్కొక్కదానిని తీసికొన్నకొలది వీరుని చురుకుదనము పెరుగును. నిన్న అందని మేడ నేడు అందును; ఆ మేడపైనుండి మరికొన్ని కనబడును. ఎత్తును కంటితో అంచనా వేయుట, దారి నాలోచించుట, పడి లేచి మరల యత్నించుట – ఇవి ఆడువాని సొంత నేర్పులు.

ఇదే ఆటలో మరి 300 గోళములు మరుగున దాచబడినవి. అవి ఎట్టి చోటుల నుండునో ఊహించుటకు ఆధారము స్వల్పము. ఎన్ని దొరికినవో లెక్క తెలియును గాని, మిగిలినవి ఏ వీధిలో నున్నవో తెలియదు. చివరి పదింటికై నగరమంతయు మరల గాలింపవలెను. మొదటిది నేర్పును పెంచెడి వెదకుట. రెండవది ఓపికను అరగదీసెడి వెదకుట.

గుర్తు గల చోటు

జపానుకు చెందిన నింటెండో సంస్థ 2017 మార్చిలో విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ ఈ విషయమున మెరుగు. ఇందులో వీరుని సామగ్రికి చోటు పెంచెడి కొరోక్ గింజలు 900 ఉన్నవి. గింజ యున్నచోట సాధారణముగా ఏదో యొక గుర్తుండును. వలయముగా పేర్చిన రాళ్లలో ఒకటి లోపించును. కొండకొమ్మున ఒంటరిరాయి యుండును. నీటిపై ఆకులు వలయముగా తేలుచుండును. పరిసరములలో క్రమమును గుర్తించి, అది తప్పినచోట ఆగి ఎందుకని ప్రశ్నించువానికి గింజ లభించును. ప్రకృతి శాస్త్రజ్ఞుని పనియు ఇట్టిదే.

చోటంతయు పెంచుకొనుటకు 441 గింజలు చాలును. 900 కూడబెట్టినవానికి దొరకునది ఎట్టి బలమును పెంచని హాస్యపు బహుమానము. ఇందులో మోసము లేదు. ఎవడు ఎటు పోయినను కొన్ని తటస్థపడవలెనన్నచో, కావలసినదానికన్న ఎక్కువ వెదజల్లక తప్పదు. అన్నియు ఏరుట అవసరము కాదని ఆ బహుమానమే చెప్పుచున్నది. ఈ ఆటకును లోపము లేకపోలేదు. 120 మందిరములను కనుగొనుటకు, దగ్గరకు పోగానే శబ్దము చేసెడి పరికరమొకటి ఇచ్చిరి. దానినే నమ్మినవాడు కన్ను మూసి చెవితో నడచినట్లగును.

2018లో యూబీసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’ మరింత విమర్శనీయము. వీరుని బలము త్వరగా పెరుగు సదుపాయమును, దాచిన వస్తువుల పటములను సంస్థ వేరుగా సొమ్మునకు అమ్మినది. వెదకుటను తప్పించుకొనుటకు వెల కట్టిన నిర్మాత, ఆ వెదకుట విసుగు పుట్టించునని తానే ఒప్పుకొన్నట్లు కాదా?

మద్దికెర చేనిలో

ఇక చేనిని చూడుడు. వజ్రములు భూగర్భమున 150 కిలోమీటర్లకు పైబడిన లోతున పుట్టి, కింబర్లైట్ అను శిలాద్రవముతో పైకి వచ్చినవి. పొరుగుననున్న అనంతపురం జిల్లా వజ్రకరూరు వద్ద అట్టి శిలలు కలవు. వాని వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైబడినది. అట్టి శిలలు శిథిలమైనపుడు నీరు వజ్రములను దూరమునకు కొనిపోవును. కావున ఇచ్చటను కారణము గలదు. కాని ఎన్ని యున్నవో ఎవరును లెక్క వ్రాసి యుంచలేదు. తెరపైని ఆటలో వెదకినవానికి దొరకుట నిశ్చయము. చేనిలో దినములు గడచినను దొరకకపోవచ్చును. పైగా తెరపైని నేల త్రొక్కుడుకు నలుగదు. విత్తిన చేనును త్రొక్కినచో రైతునకు నష్టము.

ఎన్నడు దొరకునో తెలియని బహుమానమే మనస్సును గట్టిగా పట్టును. పావురములకు కొన్ని పొడుపులకొకసారి, ఎన్నింటికో తెలియకుండ, గింజలు వేసినచో అవి విడువక పొడుచుచుండునని ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1957లో తమ గ్రంథమున వివరించిరి. ఆటముందు అర్ధరాత్రివరకు కూర్చుండు విద్యార్థియు, పనిమాని చేనిలో తిరుగు కూలియు ఈ సూత్రమునకు అతీతులు కారు. దీనిని తెలిసికొన్నవాడు ఎప్పుడు లేవవలెనో తానే నిర్ణయించుకొనగలడు.

ఉపాధ్యాయులు చేయదగిన పని

ఆటను నిషేధించుటకన్న పరీక్షించుట మేలు. విద్యార్థి వెదకుటకు ముందే, ఎచ్చట దొరకునని, ఎందులకని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. ఇరువది ఊహలలో ఎన్ని ఫలించినవో లెక్కించినచో, ఆట దాచిన తీరులో సూత్రమున్నదో లేదో తేలును. మెరయు రాళ్లకును ఇట్టి పరీక్షయే తగును. రాతిని గాలిలోను, దారముతో నీటిలో వ్రేలాడదీసియు తూచి, గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుచే భాగించినచో సాపేక్ష సాంద్రత వచ్చును. పలుగురాతికి అది సుమారు 2.65, వజ్రమునకు 3.5.

పటము చూచి ఏరినవానికి మిగులునది అంకె మాత్రమే. గుర్తును చూచి, ఊహించి, సరిచూచుకొన్నవానికి ఆట ముగిసిన పిమ్మటను కన్ను మిగులును. దాచిన పాయింట్లు గల ఏ ఆటనైనను ఈ తూకముననే తూచవలెను.