పన్ను ఒకటే కావాలా?

ట్యాక్సీల రిజిస్ట్రేషన్ ఫీజు దేశమంతా ఒకటే చేయాలని ఈ వారం టీవీ చర్చలో ఒకాయన గట్టిగా వాదిస్తుంటే చిరాకేసింది. ఆ ఫీజు కేంద్రమే నిర్ణయిస్తుంది. 2016 డిసెంబరు సవరణలోనే సొంత కారుకు 600, ట్యాక్సీకి 1,000 రూపాయలని రాసిపెట్టారు. డ్రైవరు నడుం విరిచేది రాష్ట్రాల పన్ను. రాజ్యాంగం దాన్ని రాష్ట్ర జాబితాలో ఉంచింది.

2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది. బదిలీలయ్యే ఉద్యోగుల సొంత కార్లకు రాష్ట్రం మారినా నంబరు మార్చే బాధ తప్పింది. రాష్ట్రాల మధ్య తిరగడమే బతుకుతెరువైన పసుపు ప్లేటుకు మాత్రం అందులో చోటు లేదు.

నందిగామ దగ్గర మాకు తెలిసిన కుర్రాడొకడు ఫైనాన్సులో కారు తీసుకుని ట్యాక్సీగా తిప్పేవాడు. అమెరికా వెళ్లే పిల్లల్ని శంషాబాద్‌లో దింపి రావడమే అతని ప్రధాన బేరం. ఏపీ 16 ప్లేటుతో మేనమామ ఇంటికి వెళ్లినట్టు హైదరాబాద్ వెళ్లొచ్చేవాడు. రాష్ట్రం విడిపోయాక కూడా కొన్ని నెలలు అలాగే సాగింది. 2015 ఏప్రిల్ నుంచి ఏపీ రవాణా బండ్లకు తెలంగాణ పన్ను మొదలైంది. "బండి అదే, రోడ్డు అదే బాబాయ్, ఈ ఖర్చు ఎవరిమీద వేయను?" అన్నాడు. కిరాయి పెంచితే బేరం పోతుంది, పెంచకపోతే వాయిదా ఆగుతుంది. తిరుగు ప్రయాణం సగంసార్లు ఖాళీనే. చివరికి కారు అమ్మేశాడు. అతని సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అయినా దేశమంతా ఒకే పన్ను వద్దనే అంటాను. ఎయిర్‌పోర్టు దగ్గర ఏడాది పొడుగునా బేరాలుండే క్యాబుకూ, చలికాలం పర్యాటకుల మీద బతికే అరకు బండికీ ఒకే మొత్తం ఎలా న్యాయం? రేటు రాష్ట్రాలకే వదలాలి. ఒకసారి కట్టిన పన్ను సరిహద్దు దాటాక కూడా చెల్లాలి. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్‌లో ఫీజు ఒకచోట కడితే రాష్ట్రాలకు వాటా వెళ్లే పద్ధతి ఇప్పటికే ఉంది. నెలకు రెండు మూడుసార్లు సరిహద్దు దాటేవాడికి దేశమంతా తిరిగే పర్మిట్ మోయలేని బరువు. తెలుగు రాష్ట్రాలు రెండూ కూర్చుని, ఒక్క బండి ఉన్న ఓనర్ డ్రైవర్లకు తక్కువ ఫీజుతో ఉమ్మడి పర్మిట్ ఇవ్వాలి. వాటాల లెక్క ప్రభుత్వాలు తేల్చుకోవాలి, డ్రైవరును రోడ్డు పక్కన నిలబెట్టి కాదు.