వలయలోకమునకు పాఠకుల పరీక్ష

అమెరికా రచయిత లారీ నివెన్ వ్రాసిన “రింగ్‌వరల్డ్” నవల 1970లో వెలువడినది. ఒక నక్షత్రము చుట్టును, సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున, 16 లక్షల కిలోమీటర్ల వెడల్పుగల పట్టీని కట్టి, సెకనుకు దాదాపు 1,200 కిలోమీటర్ల వేగమున త్రిప్పినచో, లోపలితట్టున భూమిమీదవలెనే నడువవచ్చునని ఇందలి కల్పన.

1971లో బోస్టన్ నగరమున జరిగిన ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సమ్మేళనములో దీనికి హ్యూగో బహుమతి లభించినది. అదే సమ్మేళనమున ఎం.ఐ.టి. విద్యార్థులు “వలయము అస్థిరము!” అని కేకలు వేయుచు తిరిగిరి.

వారి మాట నిజము. నక్షత్రము సరిగా నడుమ నున్నంతవరకు అన్ని ప్రక్కల ఆకర్షణ సమానమే. వలయము రవ్వంత ప్రక్కకు జరిగినచో, దగ్గరైన భాగమును నక్షత్రము మరింత బలముగా లాగును. అది ఇంకను దగ్గరగును, తుదకు ఢీకొనును. ఏకరీతిగా నుండు ఘనవలయము శనిచుట్టు నిలువజాలదని మాక్స్‌వెల్ 1859లోనే చూపియుండెను. నివెన్ గణితశాస్త్ర పట్టభద్రుడే! మొదటి ముద్రణలో మరియొక పొరపాటు: పుట్టినరోజును పొడిగించుకొన దలచిన నాయకుడు పడమరకు పోవుటకు మారుగా తూర్పునకు పోవును.

పాత్రలు పలుచనివే; అది వేరు సంగతి. పాత్రలను గూర్చిన విమర్శ రచయితచేత మరల కలము పట్టించునో లేదో కాని, విద్యార్థుల లెక్క పట్టించినది. 1980లో వచ్చిన “ది రింగ్‌వరల్డ్ ఇంజనీర్స్”లో వలయము అంచున దానిని సరిదిద్దు జెట్ యంత్రము లున్నవి. అయితే అక్కడి జనులు వానిలో పెక్కింటిని ఊడబెరికి తమ నౌకలకు తగిలించుకొనిరి. వలయము నక్షత్రము వైపు జరుగుచున్నది. కథ యంతయు ఆ గండమే.