నమూనా మనుషులు

పెడనలో అద్దకం పని చేసే షెడ్లలో నమూనా ముక్కల కట్ట ఉంటుంది. బేరానికొచ్చినవాడు ముక్క పట్టి చూస్తాడు. రంగు నచ్చితే ఆర్డరిస్తాడు. దానిమీద అచ్చు కొట్టినవాడి పేరుండదు. ఆ కట్ట చూసినప్పుడల్లా నాకు జాన్ ఫోర్బ్స్ వాట్సన్ గుర్తొస్తాడు.

లండన్‌లో ఇండియా మ్యూజియం పెత్తనం చూసిన ఈ దొర, 1866లో మన దేశపు బట్టల్ని 700 ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో అంటించాడు. అలాంటివి 20 సెట్లు. ఇక్కడి జనం ఏం కడతారో తెలిస్తే అక్కడి మిల్లులు అదే నేసి మనకే అమ్మొచ్చు గదా! 1868 నుంచి, జాన్ విలియం కేతో కలిసి అతనే 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' తెచ్చాడు. 1875కి ఎనిమిది సంపుటాలు. ఈసారి అంటించింది మనుషుల్ని. ఫొటోకి తోడు కులం, మతం, గుణం. ఎవరు విధేయులు, ఎవరు దొంగలు, ఎవర్ని నమ్మకూడదు. 1857 చూసిన ప్రభుత్వం మరి.

అందులో ఒక సయ్యద్ ఫొటో ఉంది. ఆ ఒక్క ముఖంలోంచి ఆయన వర్గం మొత్తానికీ మొండితనం, కామం, అజ్ఞానం, మతమౌఢ్యం పిండారు. కెమెరా ముఖాన్నే పట్టింది. తక్కినదంతా కింద రాసిన చెయ్యి చేసిన పని.

1869లో లండన్ వెళ్లిన సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇండియా ఆఫీసులో ఈ పుస్తకం చూసి సిగ్గుతో కుంగిపోయాడు. మనల్ని ఏలడానికి రాబోయే ఇంగ్లీషు కుర్రాళ్లు ఇది చూసి ఏమనుకుంటారని ఆయన బాధ. ఆ బాధ మనదీ. అయితే పుస్తకం చూస్తున్న ఆయన కొడుకు మహమూద్‌ని, నువ్వు హిందుస్తానీవా అని ఒక ఇంగ్లీషువాడు అడిగాడు. అతను అవునంటూనే, ఇక్కడి ఆదివాసీని మాత్రం కాదు, మా పెద్దలు బయటి దేశంనుంచి వచ్చారని చెప్పుకున్నాడు.

నా పేచీ ఇక్కడే. అవమానాన్ని పక్కవాడి నెత్తికెత్తి తప్పుకోవడం ఇది. అచ్చుబల్ల దగ్గర నిలబడే సాయిబుకీ దూదేకులాయనకీ ఆ వీలేదీ? చెప్పుకోడానికి అరేబియా లేదు, ఇరాన్ లేదు. ఉన్నది ఈ కాలవ నీళ్లూ, కరక్కాయ కంపూ. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాల్ని పేర్చినప్పుడు దూదేకులవాళ్లూ ఒక ఎంట్రీ అయ్యారు. తలలు కొలిచింది దొరే, ఒప్పుకుందాం. వాళ్లు అసలు ముసల్మాన్లేనా అని కొలిచే బద్ద మాత్రం మనింట్లోదే.

మొన్న మా చాచా షెడ్డుకి ఒకాయన కెమెరాతో వచ్చాడు. చేతుల్ని దగ్గరగా తీశాడు. ముఖం తీయబోతూ, టోపీ ఉంటే పెట్టుకోమన్నాడు. అది నమాజుకి, ఇంట్లో ఉందన్నాడు చాచా. పోనీ చేతులు కడుక్కుని వస్తానంటే, వద్దు, రంగు బావుంది అన్నాడు.