హేస్టింగ్సు చదరంగము - విజేతల పట్టిక

ఇంగ్లండు దక్షిణతీరమున హేస్టింగ్సను పట్టణము కలదు. అది లండనువలె మహానగరము కాకున్నను, చదరంగ మెరిగినవారికి దాని పేరు సుపరిచితము. 1895లో అచట జరిగిన మహాపోటీకి స్టెయినిట్జు, లాస్కరు, చిగోరిన్ మున్నగు ఉద్దండులు వచ్చియుండగా, పిల్స్‌బరీ యను ఇరువదిరెండేండ్ల అమెరికా యువకుడు వారినందరిని మించి ప్రథముడయ్యెను. 1920 మొదలుకొని క్రిస్మసు సెలవులలో ఏటేట పోటీ జరుపు నాచారము ప్రారంభమై, యుద్ధకాలమున ఆగినను, పిమ్మట మరల సాగినది.

ఈ పోటీచరిత్రమని చెప్పబడు వ్రాతలలో పెక్కు విజేతల పట్టికలే. ఫలానాయేట ఫలానావారు గెలిచిరి, అంతటితో సరి. పరీక్షాఫలితములు గోడకు అంటించినప్పుడు మొదటిపేరు చూచి వెడలిపోవువారివలె చరిత్రకారుడును వెడలిపోవుచున్నాడు. పట్టిక అబద్ధమాడదు, నిజమే. కాని దానినే చరిత్రమని మనచేతికిచ్చుట నేనొప్పుకొనను.

1930-31 సంవత్సరమునే చూడుడు. పట్టికలో యూవే పేరున్నది. అతడు తరువాత 1935లో ప్రపంచవిజేత యయ్యెను గనుక గౌరవార్హుడే. అయితే ఆ పోటీని నేటికిని లోకము తలచుకొనుటకు కారణము వేఱు. పంజాబు పల్లెనుండి వచ్చిన మీర్ సుల్తాన్ ఖాను అందులో కాపబ్లాంకాను ఓడించెను. బంటు మొదటి యెత్తున రెండు గళ్లు నడువరాని మన దేశపు పద్ధతిలో ఆట నేర్చిన యాతనికి ఐరోపా నిబంధనలు అలవడి యప్పటికి కొలది యేండ్లే. ఆయన స్థానము మూడవది. కనుక విజేతల పట్టికలో లేడు!

వెరా మెంచిక్ గతియు నంతే. మాస్కోలో పుట్టి, హేస్టింగ్సు క్లబ్బులో ఆట పెంచుకొని, 1927లో స్త్రీలలో ప్రపంచవిజేత యైన యీమె, హేస్టింగ్సు పోటీలలో పురుషుల సరసన కూర్చుండి యూవేను సైతము ఓడించెను. ఈమె చేతిలో ఓడినవారిని ‘మెంచిక్ క్లబ్బు’ సభ్యులని పరిహసించుట ఆనాటి వేడుక. ఓడినవారికి సంఘము కట్టిరి. గెలిచిన యామెకు పట్టికలో చోటులేదు.

1933లో బ్రిటిషు ఛాంపియన్‌షిప్పు కూడ ఈ యూరనే జరిగినది. పురుషులలో సుల్తాన్ ఖాను మూడవమారు గెలిచెను. స్త్రీలలో ఫాతిమా యను యువతి పదునొకండు ఆటలాడి, పది గెలిచి, ఒకటి సమముచేసి, ఓటమి యెరుగక బిరుదు పొందెను. ఇరువురును సర్ ఉమర్ హయాత్ ఖాను పరివారములోనివారు. ఈ పట్టికలో ఫాతిమాకు చోటు దొరకినది. కాని దొరకినది పేరొక్కటే. ఊరు లేదు, వయస్సు లేదు, తల్లిదండ్రులు లేరు.

పట్టికను విడిచి జీవితమును వ్రాయబూనినవారికిని చిక్కులు లేకపోలేదు. 2020లో డేనియల్ కింగు సుల్తాన్ ఖానుపై గ్రంథము ప్రకటించి, పేరులోనే ఆయనను సేవకుడనెను. ఆయన మనుమరాలు ఆ మాటను తీవ్రముగా ఖండించినది. నాకు మనుమరాలి పక్షమున న్యాయము కనబడుచున్నది: ఒకనిని అట్టపైననే సేవకుడని పిలిచినచో, లోపలి ఆటలన్నియు దొరగారి కొలువులోని వింతలుగా తోచును. అయినను ఆ గ్రంథకర్త ఆటలను విప్పిచెప్ప శ్రమపడినాడు; పట్టిక వ్రాయువాడు ఆ శ్రమయు పడలేదు. 1966లో గతించిన సుల్తాన్ ఖానునకు 2024లో అంతర్జాతీయ చదరంగసమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదు నొసగెను.

ఫాతిమా గెలిచిన ఆ బ్రిటిషు స్త్రీల బిరుదునే 2000, 2002 సంవత్సరములలో మన గుడివాడ బిడ్డ కోనేరు హంపి గెలుచుకొన్నది. ఒకే పట్టికలో ఇరువురి పేర్లును కలవు. హంపికి తండ్రి అశోక్ గురువని తెలుగువారిలో పెక్కురెరుగుదురు. ఫాతిమాకు మొదట పావులు చేతికిచ్చిన దెవరో పట్టిక చెప్పదు.