డ్రిఫ్టర్స్: జీతానికి పాడిన గొంతులు

క్లైడ్ మెక్‌ఫ్యాటర్ గొంతు విననివాళ్లకి రిథమ్ అండ్ బ్లూస్ బృందగానం గురించి ఎంత చెప్పినా సగమే అందుతుంది. నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టి, చర్చిలో గాస్పెల్ పాడుతూ పెరిగినవాడు. మగగొంతు అంత పైస్థాయికి వెళ్లి కూడా సన్నబడకుండా, పలచబడకుండా నిలబడగలదని అమెరికా రేడియో శ్రోతలకు చూపించిన మొనగాడు. బిల్లీ వార్డ్ డామినోస్ బృందానికి పేరు రావడానికి ఆ గొంతే ప్రధాన కారణం. 1953లో అతను అక్కణ్ణుంచి బయటికొచ్చాడు. అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతి అహ్మెత్ ఎర్టెగన్ బర్డ్‌లాండ్ క్లబ్బులో డామినోస్ కచేరీకి వెళ్లి, క్లైడ్ కనబడకపోయేసరికి కచేరీ వదిలేసి అతన్ని వెతుక్కుంటూ వెళ్లాడని చెబుతారు. అలా పుట్టింది డ్రిఫ్టర్స్. ఆ ఏడాదే వచ్చిన ‘మనీ హనీ’ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

ఈ బృందగాన సంప్రదాయంలో పని విభజన చాలా కచ్చితంగా ఉంటుంది. పాట నడిపే ప్రధాన గాయకుడు ఒకడు. అతనికి కాస్త పైన, కాస్త కింద నిలిచే టెనర్, బారిటోన్ గొంతులు. అన్నిటికీ అడుగున బాస్. బుర్రకథలో కథకుడికి వంతలు ఎలాగో, ఇక్కడ ప్రధాన గాయకుడికి మిగతావాళ్లు అలాగ. అర్థంలేని అక్షరాలనే పట్టుకుని తాళం వేస్తారు, మాట అందుకుంటారు, ఊపిరి తీసుకునే జాగా ఇస్తారు. బాస్ గాయకుడి పని మంద్రంలో గొణగడం అనుకుంటే పొరపాటు. లయ మొత్తం అతని చేతిలోనే ఉంటుంది. వెనక గొంతులు ఒకదాన్నొకటి మింగేయకూడదు, ఏ ఒక్కటీ విడిగా తలెత్తకూడదు. ఆ సమతూకం ఏళ్ల తరబడి కలిసి పాడితే తప్ప రాదు.

1954లో డ్రిఫ్టర్స్ పాడిన ‘వైట్ క్రిస్మస్’ వినండి. ఇర్వింగ్ బెర్లిన్ పాట. బింగ్ క్రాస్బీ అంతకుముందే నెమ్మదిగా, మర్యాదగా పాడి ఇంటింటికీ చేర్చిన పాట. డ్రిఫ్టర్స్ దాన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. మొదటి సగం బిల్ పింక్నీ బాస్ గొంతుది. తొణక్కుండా, కింద నేల ఉందన్న భరోసాతో నడుస్తాడు. వెనక మిగతావాళ్లు చిన్నచిన్న అక్షరాలతో అడుగులు వేస్తుంటారు. రెండో సగంలో క్లైడ్ వస్తాడు. మొదటి మాటనే నాలుగైదు ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కనీ గమకంతో పైకి విసిరి, తీరా పడిపోతుందేమో అనుకున్న చోట చెక్కుచెదరకుండా దించుతాడు. ఈ పద్ధతికి రేవెన్స్ బృందం, వాళ్ల బాస్ గాయకుడు జిమ్మీ రిక్స్ ముందే దారి వేశారు, నిజమే. కానీ ఆ మంద్రానికీ ఈ తారానికీ మధ్య అంత దూరం ఉంచి కూడా పాటని ఒక్కటిగా నిలిపిన ఘనత వీళ్లదే.

ఆ ఏడాదే క్లైడ్‌కి సైన్యం నుంచి పిలుపొచ్చింది. డ్రిఫ్టర్స్ పేరు మీద తనకున్న వాటాని మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. ఆ అమ్మకం గురించి తర్వాత జీవితాంతం బాధపడ్డాడు. అప్పటినుంచి పేరు ట్రెడ్‌వెల్ కుటుంబానిది, పాడేవాళ్లు జీతగాళ్లు. రికార్డులు ఎన్ని అమ్ముడైనా వాళ్ల చేతికి వచ్చేది నెల తిరిగితే అయిపోయే డబ్బే. జీతం పెంచమని అడిగిన పాపానికి పింక్నీని 1956లో తీసేశారు. ‘వైట్ క్రిస్మస్’ పాడిన గొంతుకి దక్కిన మర్యాద అది! 1958లో బృందం మొత్తాన్ని ఒక్క దెబ్బతో సాగనంపి, ఫైవ్ క్రౌన్స్ అనే మరో బృందంలోని కుర్రాళ్లను తెచ్చి, అదే పేరు తగిలించి నిలబెట్టారు.

ఆ కుర్రాళ్లలో బెన్ ఇ. కింగ్ ఉండటం ట్రెడ్‌వెల్ అదృష్టం. 1959లో లీబర్, స్టోలర్ నిర్మించిన ‘దేర్ గోస్ మై బేబీ’లో వయొలిన్లు, బ్రెజిల్ బయావ్ లయ, శ్రుతి సరిగా కలవని టింపనీ అన్నీ ఒకేసారి మోగుతాయి. అట్లాంటిక్‌లో జెర్రీ వెక్స్‌లర్‌కి అది బొత్తిగా నచ్చలేదు. అంత గందరగోళం మధ్య కింగ్ గొంతు వేదనతో, ఒంటరిగా నడిచివచ్చి పాటని గెలిపించింది. 1960లో ‘సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ’ పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. దాన్ని రాసిన డాక్ పోమస్ చిన్నప్పుడే పోలియో బారిన పడినవాడు. తన పెళ్లిలో భార్య ఇతరులతో నృత్యం చేయడం కూర్చుని చూసినవాడు. ఆ సంగతి తెలిశాక కింగ్ ఎక్కడా గొంతు పెంచకుండా ఎందుకు పాడాడో అర్థమవుతుంది. అతను కూడా డబ్బు తగువుతోనే బయటికి నడిచాడు.

తర్వాత వచ్చిన రూడీ లూయిస్‌కి దక్కాల్సిన కీర్తిలో పదో వంతు దక్కలేదు. ‘అప్ ఆన్ ద రూఫ్’, ‘ఆన్ బ్రాడ్‌వే’ అతనివే. 1964 మేలో ‘అండర్ ద బోర్డ్‌వాక్’ రికార్డింగుకి ముందురోజు రాత్రి చనిపోయాడు. రికార్డింగు మాత్రం ఆగలేదు. అతని బదులు జానీ మూర్ పాడాడు, ఎంతో హుందాగా పాడాడు. డ్రిఫ్టర్స్ చరిత్రని 1959 నుంచే మొదలుపెట్టే విమర్శకులున్నారు. క్లైడ్ రోజుల్ని ఉపోద్ఘాతంలా దాటేస్తారు. నాకది ఒళ్లు మండే విషయం. ఆ పునాది లేకపోతే కింగ్‌కి నిలబడే చోటేదీ?

ఇంతకన్నా పెద్ద అన్యాయం తర్వాత జరిగింది. పేరు గొంతుల నుంచి విడిపోయాక ఎవరు పడితే వాళ్లు డ్రిఫ్టర్స్ అయిపోయారు. అసలు రికార్డుల్లో ఒక్క అక్షరం పాడనివాళ్లు, ఆ పాటలు వచ్చేనాటికి పుట్టనివాళ్లు ఒకే రకం కోట్లు తొడుక్కుని, క్యాసినోల్లో, ఉత్సవాల్లో పాత పాటల రాత్రుల పేరుతో టిక్కెట్లు అమ్మారు. ప్లాటర్స్‌కీ కోస్టర్స్‌కీ ఇదే గతి పట్టింది. ప్రేక్షకుణ్ణి మోసం చేయడం ఒక తప్పయితే, బతికున్న అసలు గాయకుడి నోటిదగ్గర కూడు లాక్కోవడం అంతకు మించిన తప్పు. షా నా నా బృందం గాయకుడు జాన్ బౌమన్, సుప్రీమ్స్ మేరీ విల్సన్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి పోరాడితే గానీ అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలు దీనికి అడ్డుకట్టగా చట్టాలు చేయలేదు. అప్పటికి చాలామంది వెళ్లిపోయారు. క్లైడ్ 1972లో 39 ఏళ్లకే పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని 1987లో ఒంటరిగా, 1988లో డ్రిఫ్టర్స్‌తో కలిపి రెండుసార్లు గౌరవించింది. చూసుకోవడానికి అతను లేడు.

ఫోన్లో డ్రిఫ్టర్స్ అని వెతికితే పాతిక సంపుటాలు వస్తాయి. వాటిలో చాలావరకు తర్వాతి కాలంలో మళ్లీ పాడించి, పాత పేర్లే తగిలించినవి. వాటితో సరిపెట్టుకోకండి. 1953 నుంచి 1964 దాకా అట్లాంటిక్ విడుదల చేసిన రికార్డులే ఏరుకోండి. ప్రతి పాటకీ ఎవరు పాడారో చూసి, ఆ పేరు గుర్తు పెట్టుకోండి. క్లైడ్ మెక్‌ఫ్యాటర్, బిల్ పింక్నీ, బెన్ ఇ. కింగ్, రూడీ లూయిస్, జానీ మూర్ అని విడివిడిగా, పేరు పేరునా పిలవండి.