ఋణము, అప్పు, అచ్చియున్న: వ్యక్తిగత వికీపై ఒక పరిశీలన

1805లో విశాఖపట్నము వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ సేవకులు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లు ఆనందరాయరు సహాయముతో తెలుగు సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. అయినను మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. వారి వ్రాతప్రతి ఇతరుల చేతికి పనికివచ్చినది. సంఘము విడిచి మరియొక సంఘమునకు బదిలీయగు పాస్టరుగారి నోటుపుస్తకమునకు కూడ ఇదే పరీక్ష అని మా అభిప్రాయము.

ఈ పరీక్షకు మేము టిడ్లీవికీని తీసికొంటిమి. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో ఆరంభించిన వికీ పద్ధతిని జెరెమీ రస్టన్ 2004లో ఒకే ఒక ఫైలులో ఇమిడ్చెను. ఇది ఉచితము, ఇంటర్నెట్ లేకున్నను బ్రౌజరులో తెరుచుకొనును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూచిన ఊరికి ఈ గుణము చిన్నది కాదు. ఒక పదమును జంట చదరపు బ్రాకెట్లలో వ్రాసినచో అదే పేరుగల పుటకు లంకె పడును.

చిక్కంతయు ఆ 'అదే పేరు' అను మాటలోనే యున్నది. ప్రభువు ప్రార్థనను చూడుడి. మత్తయి 6:12లో మన బైబిలు 'ఋణములు' అనుచున్నది. లూకా 11:4లో 'పాపములు' అని, అప్పుపడినవానిని 'అచ్చియున్న' వాడని చెప్పుచున్నది. గ్రీకులో మత్తయి వాడిన 'ఋణము'నకును లూకాలోని ఈ మాటకును ధాతువు ఒకటే. కాని 'ఋణము' అని వెదకిన పాస్టరుకు లూకా దొరకదు. గాజువాకలో ఫైనాన్సు వాయిదా కట్టలేక ప్రార్థన కోరిన ఉక్కు కార్మికుడు వాడు మాట 'అప్పు'. అతని కొరకు సిద్ధపరచిన ప్రసంగపు పుట మరియొక మూల పడియుండును. 'విశ్వాసం' అని వెదకిన 'విశ్వాసము' కూడ చిక్కదు!

మరి ఈ మూడు పుటలను కలుపవలెనా? ఇది సాఫ్ట్‌వేరు చెప్పలేని సంగతి. కలిపినచో, అప్పులవాడు పాపియని సూచించిన ప్రమాదము గలదు. కలుపనిచో, క్షమాపణను గూర్చిన మన బోధ అతని వాయిదాల పుస్తకమును ఎన్నడును తాకదు. కలిపి, లంకె ప్రక్కన కారణము రెండు వాక్యములలో వ్రాయవలెనని మేము తలంచుచున్నాము. కారణము లేని లంకె తరువాత వచ్చు సేవకునికి పొడుపుకథయే.

మరికొన్ని లోపములు గలవు. డీటీపీ వారివద్ద అను ఫాంట్లలో కొట్టించిన పాత ప్రసంగములను యూనికోడునకు మార్చనిదే వికీ వెదకలేదు. బ్రౌజరు సాధారణముగా ప్రతి సేవ్‌కు క్రొత్త ప్రతిని దించును గనుక ఏది తాజాదో తెలియక తికమకపడుదుము, మేమును పడితిమి. ఇక కౌన్సెలింగులో విశ్వాసి చెప్పుకొన్న మాటలు ఈ ఫైలులో ఉంచనే కూడదు. సంకేతపదము పెట్టు వసతి యున్నది గాని, బదిలీనాడు ఆ సంకేతపదమును కూడ అప్పగించవలసియుండును.