తొలి చిత్రము – దర్శకుని ప్రవేశద్వారము

కావ్యవిమర్శలో కవి ప్రథమకృతికి ఒక స్థానము కలదు. తిక్కన భారతమును చదువువారు నిర్వచనోత్తర రామాయణమును విడిచిపెట్టరు. మొదటిది మనుమసిద్ధికి అంకితము, రెండవది హరిహరనాథునకు అంకితము. ఈ రెండు అంకితముల నడుమనున్న దూరమే కవి పరిణామమును కొంతవరకు తెలుపుచున్నది. చలనచిత్ర విమర్శలో ఇట్టి పరిశీలన మనకు అరుదు. దర్శకుని తొలి చిత్రమును గూర్చి వ్రాయువారు అతడు పడిన కష్టములను కథలుగా చెప్పుదురు; చిత్రమును మాత్రము ఒక వాక్యముతో దాటవేయుదురు. తొలి చిత్రము దర్శకుడు లోపలికి వచ్చిన ద్వారపు గుర్తులను మోయుననియు, ఆ గుర్తులను చదువనిదే తరువాతి కృతుల గుణదోషములు తేటపడవనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

ఇందుకు మూడు ప్రశ్నలు చాలును. దర్శకుడు పని ఎచ్చట నేర్చెను? అతనికి కృతిపతి, అనగా నిర్మాత, ఎవరు? ఆ నిర్మాత ఎదుట అతడు దేనిని కాదనగలిగెను?

మొదటి మార్గము గురుకులవాసము వంటిది. కె.వి. రెడ్డి వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారములు చూచుచు, బి.ఎన్. రెడ్డి చిత్రములు రూపొందుటను దగ్గరనుండి గమనించి, 1943లో విడుదలయిన ‘భక్త పోతన’తో దర్శకుడయ్యెను. లెక్కలు చూచిన చేయి గనుక వ్యయమును, కాలమును, కథను ఒక్క తూనికలో తూచుట ఆయనకు అలవడెను. 1957 నాటి ‘మాయాబజార్’లో ఏ దృశ్యమును అదనముగా తోపకుండుటకు ఈ శిక్షణయు ఒక కారణమనవచ్చును. కె. విశ్వనాథ్ వాహినిలోనే శబ్దశాఖలో పనిచేసి, పిదప ఆదుర్తి సుబ్బారావు వద్ద సహాయకుడుగా నుండి, అన్నపూర్ణ సంస్థకు ‘ఆత్మగౌరవము’ తీసెను. అది నేర్పుగల చిత్రమే. కాని దానిలో కనబడునది విశ్వనాథ్ కంటె అన్నపూర్ణ సంస్థ పద్ధతి: అక్కినేని నాయకుడు, కుటుంబకథ, హాస్యము, పాటలు అన్నియు వాటి వాటి తావులలో నున్నవి. తన సొంత భూమికను ఆయన సంపూర్ణముగా తెరపై నిలిపిన ‘శంకరాభరణము’ 1980లో గాని రాలేదు. గురుకులము విద్యనిచ్చును, కాదనుటకు వలసిన అధికారమును మాత్రము తొలినాడే ఈయదు.

రెండవ మార్గమునకు హైదరాబాదు ఉత్తర దిక్కుననే చక్కని ఉదాహరణము కలదు. పేట్ బషీరాబాదు మీదుగా మేడ్చలు త్రోవ మెదకు వైపునకు సాగును. దానికి తూర్పుగా శామీర్పేట త్రోవ గజ్వేలు చేరువనున్న ప్రజ్ఞాపురమునకు పోవును. బి. నర్సింగరావు ఆ ప్రజ్ఞాపురమువాడు. ఆయన చిత్రలేఖనమునుండి, ప్రజాకళారంగమునుండి చలనచిత్రమునకు వచ్చెను. మరియొక విశేషము గమనింపదగినది: ఆయన మొదట దర్శకుడుగా కాక నిర్మాతగా ప్రవేశించెను. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారముగా తెలంగాణ రైతాంగ పోరాటమును చిత్రించిన ‘మా భూమి’ 1980లో విడుదలయ్యెను. దానికి దర్శకుడు గౌతమ్ ఘోష్. అంతవరకు డాక్యుమెంటరీలు తీసిన ఆయనకు అదియే తొలి కథాచిత్రము. మెదక్ జిల్లా మంగళపర్తి గ్రామమున చిత్రీకరణ జరిగెను. ఇచ్చట కృతిపతియే శిష్యుడు. ఒక చిత్రపు రచనలోను, నిర్వహణలోను పాలుపంచుకొనుటయే నర్సింగరావునకు పాఠశాల అయ్యెను. స్టూడియో గోడల నడుమ దొరకని విద్య ఊరి వీధిలో దొరికెను.

ఆయన స్వయముగా దర్శకత్వము వహించిన తొలి చిత్రము ‘రంగుల కల’ 1983 నాటిది. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. నగరమున బ్రతుకు ఒక చిత్రకారుని అంతర్మథనము దాని వస్తువు. ప్రధాన పాత్రను దర్శకుడే ధరించెను. దీని దోషములు దాచవలసినవి కావు. కథాసూత్రము పలుచన. కొన్ని తావుల పాత్రలు జీవించుట మాని అభిప్రాయములు ప్రకటించును. దృశ్యము ముందుకు నడవక, గోడపై వ్రేలాడు పటమువలె నిలిచిపోవును. చిత్రకారుడు తీసిన చిత్రమని ఎవరును చెప్పకయే తెలియును.

అయితే ఈ నిలుచుటయే 1988 నాటి ‘దాసి’లో గుణముగా మారెను. గడీలోని దాసీపిల్లకు కదలిక లేదు, మాట లేదు, ఎంపిక లేదు. గోడలు, వాకిళ్లు, పనిముట్లు తీరికగా చూపబడుచుండగా, ఆ తీరిక దొరదనియు, ఆ పని దాసిదనియు ప్రేక్షకునకు తెలిసివచ్చును. ‘రంగుల కల’లో కథను ఆపిన చూపే ‘దాసి’లో కథ అయ్యెను. తొలి చిత్రమున కళాకారుడు తానే తెరమధ్య నిలిచెను; ఇందులో తప్పుకొని, అర్చన ధరించిన కమలాక్షికి ఆ స్థానమిచ్చెను. ఆ పాత్రకు అర్చన జాతీయ ఉత్తమ నటి పురస్కారమును అందుకొనెను. తొలి చిత్రమును చూడని విమర్శకుడు ‘దాసి’లోని నిగ్రహమును సహజగుణమని తలంచును, చూచినవాడు అది ఆర్జితమని గ్రహించును.

మూడవ మార్గము ప్రేక్షకునిది. రామ్‌గోపాల్ వర్మ ఇంజనీరింగు చదివి, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణము నడపి, స్వల్పకాలము మాత్రమే సహాయకుడుగా పనిచేసి, 1989లో ‘శివ’ తీసెను. చిత్రములను పదేపదే చూచుటయే ఆయనకు ప్రధానమైన అభ్యాసము. శేఖర్ కమ్ముల అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయమున చిత్రవిద్య నభ్యసించి, ‘డాలర్ డ్రీమ్స్’తో ప్రవేశించి, నాడు ఇందిరాగాంధీ పేరిట ఇచ్చుచుండిన తొలి చిత్ర దర్శక జాతీయ పురస్కారమును పొందెను. పిదప లఘుచిత్రములు తీసి చేయి తిప్పుకొన్నవారు వచ్చిరి. 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసిన తరుణ్ భాస్కర్ ఈ కోవలోనివాడు. ముడిఫిలిము వ్యయము తొలగి, డిజిటల్ కెమెరా అందుబాటులోనికి వచ్చినందున నేర్చుకొనుట సులభమయినది.

ఇకపై కృతిపతితో పనిలేదని కొందరు వాదింతురు. ఈ వాదము నిలువదు. తీయుట సులభమయినను, థియేటరునకు చేర్చుట సులభము కాలేదు. పూర్వము నిర్మాత తీయుటకు ముందే అడ్డుపడెడివాడు. నేడు తీసిన పిమ్మట విడుదల చేయువాడు అడ్డుపడును. తలుపు స్థలము మారినది గాని తలుపు తొలగిపోలేదు. కావున మూడవ ప్రశ్న, ‘దేనిని కాదనగలిగెను?’ అనునది, నేటి తొలి చిత్రములకును వర్తించును.

ఈ మార్గములలో ఏది శ్రేష్ఠమను తీర్పు అనావశ్యకము. గురుకులము నుండి వచ్చినవానికి పనితనము ముందు, స్వరము వెనుక. ఇతర కళనుండి వచ్చినవానికి స్వరము ముందు, పనితనము వెనుక. ప్రేక్షకత్వము నుండి వచ్చినవానికి వేగము ముందు. తాను చూచినదానిని, తాను బ్రతికినదానిని వేరుచేసికొనుట వెనుక. విమర్శకుడు తొలి చిత్రమున వెదకవలసినది ఈ వెనుకబడిన అంశమును. తరువాతి చిత్రములలో అది ఎట్లు పూడెనో, పూడకయే మిగిలెనో చెప్పుట అతని పని.

ఈ పనికి ఆలస్యము తగదు. రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’, తెలుగువారి తొలి మూకీ కథాచిత్రము, నేడు చూచుటకు లభ్యము కాదు. అనగా మన చలనచిత్ర చరిత్రకు ఆదిపర్వమే లేదు. ‘మా భూమి’ చిత్రీకరణను కన్నులార చూచిన గ్రామస్థులు కొందరైనను ఉత్తరపు త్రోవ వెంబడి ఊళ్లలో దొరకగలరు. తాళపత్రములకై ఊరూర తిరిగిన మన తెలుగు శాఖలు వారి వాఙ్మూలములను నమోదు చేయించుటయు తమ పరిశోధనలో భాగముగా నెంచవలెను. పరిశోధక విద్యార్థి ఒక్కొక్క దర్శకుని తొలి చిత్రమును ఒక్కొక్క ప్రథమకృతిగా స్వీకరించి, పై మూడు ప్రశ్నలతో పరిశీలించినచో, తెలుగు చలనచిత్ర విమర్శకు కథలకు బదులు ఆధారములు సమకూడును.